ఏళ్ల తరబడి పాకలో ఉన్న మాస్సీ 1035ని గొలుసు కట్టి లాగి స్టార్ట్ చేయొచ్చా?

మీ ప్రశ్న ఇది: నాన్నగారి మాస్సీ ఫెర్గూసన్ 1035 పన్నెండేళ్లుగా పశువుల పాకలోనే ఉంది, కొత్త బ్యాటరీ వేసి చూద్దామనుకుంటున్నారు, అప్పటికీ కాకపోతే ఇంకో ట్రాక్టరుకి గొలుసు కట్టి లాగిస్తామంటున్నారు. గొలుసు మాట పూర్తిగా మర్చిపోండి. బ్యాటరీ సంగతి కూడా చివర్లో చూడొచ్చు. ఇంజిన్ చేత్తో తిప్పితే తిరుగుతోందో లేదో తేలేదాకా సెల్ఫ్ కొట్టొద్దు.

మాదీ అదే బండి. మధిర దగ్గర మా ఊళ్లో తాతగారు ఎనభైలలో కొన్నారు, మూడు సిలిండర్ల సింప్సన్ ఇంజిన్. బాబాయి పోయాక దాన్ని ముట్టుకున్నవాళ్లు లేరు. దుక్కికీ దమ్ముకీ కిరాయి ట్రాక్టర్లు వచ్చేశాయి, ఇది మూల పడింది. మళ్లీ నడపాలని పట్టుబట్టి మెకానిక్ పక్కనే ఉండి సగం పని నేనే చేశాను కాబట్టి చెప్తున్నాను.

ఇంజిన్ ఆగిపోయినప్పుడు ఏదో ఒక సిలిండర్‌లో వాల్వు తెరుచుకునే ఉంటుంది. సైలెన్సర్ నిటారుగా పైకి ఉంటే, మూత లేకపోతే, వాన నీళ్లో తేమ గాలో ఆ దారినే లోపలికి దిగుతుంది. బోరుకి, అంటే సిలిండర్ లోపలి గోడకి, తుప్పు పట్టి పిస్టన్ రింగులు అతుక్కుపోతాయి. అలాంటి ఇంజిన్ని లాగితే రింగులు విరుగుతాయి, బోరు గీసుకుపోతుంది, బాగుచేయగలిగినది కాస్తా ఓవర్‌హాల్‌కి పోతుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. అన్నేళ్లు వాడని బండికి బ్రేకులు పట్టవు, క్లచ్ విడవదు. లాగుతుండగా ఇంజిన్ అందుకుందంటే ముందున్న ట్రాక్టరు మీదికి పోతుంది, ఆపడానికి మీ చేతిలో ఏమీ ఉండదు.

ముందుగా సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు మూడూ ఊడదీయించండి. ప్రతి బోరులో సగం టీ గ్లాసు దాకా డీజిల్, ఇంజిన్ ఆయిల్ సమానంగా కలిపి పోసి, గుడ్డ కప్పి వదిలేయండి. తొందరపడొద్దు, వారం పట్టినా నష్టం లేదు. తర్వాత ముందు పుల్లీ నట్టుకి పెద్ద పానా వేసి కొద్దిగా అటూ ఇటూ ఊపాలి. బలమంతా పెట్టి ఒకే వైపు తిప్పకూడదు. మా బండిలో రెండు బోర్లు శుభ్రంగానే ఉన్నాయి. మూడోదాంట్లోకి టార్చి వేస్తే గోడ చుట్టూ ఎర్రటి పట్టీ, సరిగ్గా పిస్టన్ ఆగిన చోట. మొదట పానా రాయిలా నిలబడిపోయింది. మళ్లీ ఆయిల్ పోసి, నానబెట్టి, ఊపుతూ పోతే ఒకరోజు పొద్దున వెంట్రుకవాసి కదిలింది. ఆ కదలిక చేతికి తెలుస్తుంది. అక్కణ్నుంచి పని నడుస్తుంది. ఇలా ఎంత నానబెట్టినా కదలకపోతే హెడ్డు దించాల్సిందే, దానికి అడ్డదారి లేదు.

పూర్తిగా తిరగడం మొదలయ్యాక కూడా ఇంజెక్టర్లు బిగించొద్దు. బోర్లలో ఆయిల్ నిలిచి ఉండగా సెల్ఫ్ కొడితే అది నలగదు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ఇంజెక్టర్ రంధ్రాల మీద గోనెసంచి కప్పి, చేత్తో కొన్ని చుట్లు తిప్పి ఆ ఆయిల్ బయటికి రానివ్వండి.

ఈలోగా ఇంజిన్ ఆయిల్ దించండి. డ్రెయిన్ బోల్టు విప్పగానే ముందు నీళ్లొస్తే, లేదా ఆయిల్ మజ్జిగ రంగులో ఉంటే, నీళ్లు ఎక్కణ్నుంచి దిగాయో చూసుకోవాలి. కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్ వేయండి. ఎయిర్ క్లీనర్ కింది గిన్నె విప్పితే మట్టి, పురుగులు, కొన్నిసార్లు ఎలుక గూడు కనిపిస్తాయి. కడిగి, గీత దాకా ఆయిల్ పోయాలి. రేడియేటర్ పైపులు పగిలి ఉంటే మార్చేయండి, పెద్ద ఖర్చు కాదు.

అసలు కష్టం డీజిల్ దగ్గరే. పాత డీజిల్ జిగురై ట్యాంకు అడుగున నల్లటి ముద్దలా ఉంటుంది, కింద నీళ్లు. ట్యాంకు దించి కడిగించడమే మేలు. ఫిల్టర్లు మార్చండి. ఇంజెక్టర్లకి డీజిల్ పంపే పంపు రోటరీ అని, ఇన్‌లైన్ అని రెండు రకాలు. మీ బండికి రోటరీ పంపు ఉంటే మరీ జాగ్రత్త. దానిలోపలి భాగాలకి డీజిలే ఆయిల్, అది జిగురైతే డీజిల్ కొలిచి వదిలే మీటరింగ్ వాల్వు బిగుసుకుంటుంది. డీజిల్ పూర్తిగా వదిలే చోట బిగుసుకుందో, స్టార్ట్ కాగానే ఇంజిన్ రేసు మీద రేసు పెంచుకుంటూ పోతుంది, స్టాప్ నాబ్ లాగినా ఆగదు. అందుకే పంపు ఊడదీసి టెస్ట్ బెంచ్ ఉన్న షాపులో చూపించండి. ఖర్చయినా సరే, నేను ఇందులో బేరం ఆడమని చెప్పను. మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు మాత్రం ఎయిర్ క్లీనర్ పైపు విప్పి ఉంచి, ఇన్‌టేక్ నోటికి సరిపడే చెక్క పలకతో ఒక మనిషిని అక్కడే నిలబెట్టండి. రేసు ఎక్కితే పలక నొక్కిపెట్టాలి, గాలి అందక ఆగిపోతుంది. అరచెయ్యి అస్సలు పెట్టకూడదు.

డీజిల్ పైపుల్లో చేరిన ఎయిర్ తీయడం ఇలా: ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు లివర్ కొడుతూ ముందు ఫిల్టర్ మీది స్క్రూ, తర్వాత పంపు మీదివి, బుడగలు ఆగేదాకా. లివర్ కొట్టినా లోపల ఏమీ లాగనట్టు వదులుగా ఉంటే పంపు పాడైందని అనుకోవద్దు. కామ్ పైకి ఉన్న చోట ఇంజిన్ ఆగి ఉండొచ్చు, ఒక చుట్టు తిప్పి మళ్లీ కొట్టండి. చివరగా, కింద చెప్పిన బ్యాటరీ, ఆయిల్ గేజి పని అయ్యాక, సెల్ఫ్ కొడుతూ ఇంజెక్టర్ల దగ్గరి డీజిల్ పైపు నట్లు వదులుచేసి గాలి తీయాలి. అక్కడ చిమ్మే డీజిల్ దగ్గర చెయ్యి పెట్టొద్దు, ఆ ప్రెషర్‌కి చర్మంలోకి దిగిపోతుంది.

బ్యాటరీ పెట్టే ముందు ఎర్త్, అంటే బండి బాడీకి కలిపే వైరు, ఏదో చూసుకోండి, పాత బళ్లలో కొన్నింటికి పాజిటివ్ ఎర్త్ ఉంటుంది. స్టాప్ నాబ్ లాగి ఉంచి, ఆయిల్ గేజి ముల్లు లేచేదాకా కొద్దికొద్దిగా సెల్ఫ్ కొట్టండి. ఆ తర్వాతే డీజిల్ వదలండి. మొదట తెల్లటి పొగ బాగా వస్తుంది, కంగారు పడొద్దు. మాది స్టార్ట్ అయినప్పుడు పాకంతా పొగతో నిండిపోయింది. మా పిన్ని గుమ్మంలో నిలబడి చప్పుడు వింటూ కళ్లు తుడుచుకుంది.

క్లచ్ సంగతి తర్వాత చూడాలి. ప్లేటు ఫ్లైవీల్‌కి తుప్పుతో అతుక్కుని ఉంటే పెడల్ తొక్కినా గేరు పడదు. ఇంజిన్ బాగా వేడెక్కాక కొన్నిసార్లు విడిపోతుంది. విడవకపోతే బండిని మధ్యలో విడదీసి చూడాలి, అది అలవాటున్న మెకానిక్ పని. వెనక పనిముట్లని ఎత్తే లిఫ్ట్ మొరాయిస్తే గేరుబాక్సు ఆయిల్ చూడండి. రెండిటికీ ఆయిల్ ఒకటే, గేరు లివర్ రబ్బరు చిరిగితే అందులోకి వాన నీళ్లు చేరతాయి. టైర్లు పక్కల పగిలి ఉంటే పొలం వరకు ఫరవాలేదు, రోడ్డెక్కి ట్రాలీ లాగడానికి వద్దు. దమ్ముకి వెనక టైర్లలో నీళ్లు నింపించి ఉంటే రిమ్ము తుప్పు పట్టిందేమో వాల్వు చుట్టూ చూడండి.

మొదటి కొన్ని గంటలు నడిపాక ఇంజిన్ ఆయిల్ మళ్లీ మార్చండి, లోపల వదిలిన చెత్తంతా అందులోకే వస్తుంది. ఆర్‌సీ గడువు కూడా చూసుకోండి, మొదటి 15 ఏళ్లు దాటాక 5 ఏళ్లకోసారి రెన్యువల్ చేయించాలి.

డీజిల్ పంపు మీదున్న ప్లేటు ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, రోటరీనా ఇన్‌లైనా చూసి మిగతాది చెప్తాను.