లైనక్స్ ల్యాప్‌టాప్‌తో అబ్బాయి కుస్తీ: ఆపాలా, వద్దా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్‌ఈ రెండో సంవత్సరం. ల్యాప్‌టాప్‌లో విండోస్ తీసేసి ఉబుంటు అనే లైనక్స్ వేసుకున్నాడు. బయటి మానిటర్ తగిలిస్తే 'నో సిగ్నల్' అంటోందని రాత్రిళ్లు దాంతోనే గడుపుతున్నాడు. ఇది ఉద్యోగానికి పనికొస్తుందా?
- ఒక తండ్రి, వరంగల్

జవాబు: పనికొస్తుందండీ, కారణం వెతుకుతూ చేస్తుంటే. నెట్‌లో దొరికిన కమాండ్లన్నీ అర్థం కాకుండా కొట్టేసి, చివరికి ఉబుంటు మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తుంటే మాత్రం ఆ రాత్రులు దండగే.

మీవాడిది ఎన్విడియా కార్డున్న ల్యాప్‌టాప్ అయితే, అందులో సాధారణంగా రెండు గ్రాఫిక్స్ చిప్‌లుంటాయి. చాలా మోడళ్లలో లోపలి తెర ఇంటెల్ లేదా ఏఎండీ చిప్‌కు, హెచ్‌డీఎంఐ పోర్టు ఎన్విడియాకు కలిసి ఉంటాయి. ఎన్విడియా డ్రైవర్ (ఆ చిప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) లోడ్ కాకపోతే లోపలి తెర బాగానే ఉంటుంది, బయటి మానిటరే వెలగదు. ఎందుకు లోడ్ కాలేదు? సెక్యూర్ బూట్ (నమ్మకం లేని సాఫ్ట్‌వేర్‌ను బూట్‌లోనే ఆపే రక్షణ) ఆన్‌లో ఉంటే, నమ్మకమైన డిజిటల్ సంతకం లేని మాడ్యూల్‌ను, అంటే డ్రైవర్ భాగాన్ని, లైనక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ రానివ్వదు. డ్రైవర్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పెట్టుకున్న పాస్‌వర్డ్‌ను, రీబూట్‌లో వచ్చే నీలి తెర మీద ఇచ్చి ఆ సంతకం తాలూకు కీ నమోదు చేయాలి. తొందరలో చాలామంది ఆ తెర దాటేస్తారు. ఏ చిప్‌ను ఏ డ్రైవర్ నడుపుతోందో 'ఎల్‌ఎస్‌పీసీఐ' కమాండ్‌కు 'కె' ఆప్షన్ ఇస్తే కనిపిస్తుంది. లోడ్ కాకపోవడానికి కారణం తరచూ 'జర్నల్‌సీటీఎల్' కమాండ్ చూపే లాగ్‌లో (సిస్టమ్ రాసుకునే చిట్టాలో) దొరుకుతుంది.

ఇలా ఒక్కో అనుమానం కొట్టేసుకుంటూ రావడమే లైనక్స్ అడ్మిన్, డెవాప్స్ (సాఫ్ట్‌వేర్‌ను సర్వర్లలో పెట్టి నడిపే పని), ఎంబెడెడ్ (పరికరాల లోపలి సాఫ్ట్‌వేర్) ఉద్యోగాల్లో రోజువారీ పని. ఏఐ సర్వర్లలోనూ ఇదే డ్రైవర్, కెర్నల్ తగాదా వస్తుంది. ఎన్విడియా, ఏఎండీ, క్వాల్‌కామ్‌లకు హైదరాబాద్‌లోనే ఆఫీసులున్నాయి. డ్రైవర్లు రాయడం మీద మనసుంటే సీ భాష, ఆపరేటింగ్ సిస్టమ్స్, కంప్యూటర్ ఆర్కిటెక్చర్ గట్టిగా చదవాలి. ఎన్విడియా 2022 మేలో తన కెర్నల్ మాడ్యూళ్ల సోర్స్ బయటపెట్టింది, ఇంట్లో కూర్చునే చదువుకోవచ్చు. లైనక్స్ కంపెనీ రెడ్ హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ (లైనక్స్ అడ్మిన్ సర్టిఫికెట్) పరీక్షలో బిట్లుండవు, సిస్టమ్ మీద పని చేసి చూపించాలి. మూడో ఏడాదిలో రాయిస్తే చాలు, ఇప్పుడే వేలు పోసి కోచింగ్‌లో చేర్చకండి.

ఏం చూశాడు, ఏం మార్చాడు, ఏమైంది అన్నవి నోట్‌బుక్‌లో రాయమనండి. లోపం ఉబుంటుదే అని తేలితే లాగ్ జతచేసి, ఉబుంటు లోపాలను నమోదు చేసే లాంచ్‌ప్యాడ్ సైట్‌లో బగ్ రిపోర్ట్ పెట్టమనండి. బాగా రాసిన రిపోర్ట్‌ను రెజ్యూమెలో ధైర్యంగా చూపించుకోవచ్చు.

పరీక్షల ముందు వారం మాత్రం కెర్నల్ అప్‌డేట్ జోలికి వెళ్లొద్దని చెప్పండి. ఒకవేళ చేసేసి తెర నల్లబడితే, బూట్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో పాత కెర్నల్ ఎంచుకుని బూట్ చేస్తే చాలావరకు పని నడుస్తుంది.