ఫుల్‌బ్రైట్ ఎఫ్‌ఎల్‌టీఏ (విదేశీ టీచర్లు తమ భాష నేర్పడానికి అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఫెలోషిప్) మీద అమెరికా వెళ్లి అరబిక్ నేర్పడమంటే పని ఎలా ఉంటుంది?

ఈజిప్టు, మొరాకో, జోర్డాన్ లాంటి దేశాల యువ టీచర్లు ఈ ఫెలోషిప్‌తో ఒక విద్యా సంవత్సరం, అంటే సుమారు 9 నెలలు, అమెరికన్ కాలేజీల్లో అరబిక్ చెబుతారు. తామూ కోర్సులు చదవాలి, కానీ డిగ్రీ రాదు.

అసలు కష్టం పాఠంలోనే. పుస్తకంలో ఉండేది ప్రామాణిక అరబిక్. కైరోలో కూరగాయలు కొనేటప్పుడు ఎవరూ అలా మాట్లాడరు, మొరాకో యాస ఈజిప్టు వాళ్లకే సరిగా అర్థం కాదు. పిల్లలకు రెండూ కావాలి. అందుకే మొదటినుంచే మాట్లాడే భాషనూ కలిపి చెప్పడం మంచిదని నా గట్టి నమ్మకం. లిపికి మాత్రం ఓపిక పట్టాలి: చాలా అక్షరాలు మాట మొదట్లో, మధ్యలో, చివర్లో రూపం మార్చుకుంటాయి, హ్రస్వ అచ్చులు మామూలుగా రాయరు.

వీసా జే-1, అంటే మార్పిడి కార్యక్రమాల మీద వచ్చేవాళ్లకు ఇచ్చేది. సాధారణంగా 2 ఏళ్లు స్వదేశంలో ఉన్నాకే హెచ్-1బీ, గ్రీన్‌కార్డు దారి తెరుచుకుంటుంది. ఇది ముందే చూసుకోండి.