జూట్ సూట్ సినిమాను నాటకంలాగే ఎందుకు తీశారు? చూడొచ్చా?

"సినిమా అనుకుని పెడితే స్టేజీ కనిపిస్తోంది, మధ్యమధ్యలో హాల్లో జనాన్ని కూడా చూపిస్తున్నారు, ఎందుకలా?" అని అడిగారు. తప్పకుండా చూడండి. నేను లాస్ ఏంజిలెస్‌లో ఉంటాను. 2017లో మార్క్ టేపర్ ఫోరంలో ఈ నాటకాన్ని మళ్లీ వేసినప్పుడు చూశాను, ఆ తర్వాత సినిమా చూశాను. 1978లో ఇది పేరు తెచ్చుకున్నది ఆ హాల్లోనే.

జూట్ సూట్ అంటే 1940ల్లో మెక్సికన్-అమెరికన్ కుర్రాళ్లు వేసుకున్న పొడవాటి కోటు, వదులు ప్యాంటు. ముందు ఈ కథకు ఆధారమైన అసలు కేసు తెలియాలి. 1942 ఆగస్టులో స్లీపీ లగూన్ అనే చెరువు దగ్గర హోసే డియాజ్ అనే కుర్రాడు చనిపోయాడు. పోలీసులు వందల మంది మెక్సికన్-అమెరికన్ యువకుల్ని పట్టుకుపోయి, 22 మందిని ఒకేసారి బోనెక్కించారు. చాలాకాలం బట్టలు మార్చుకోనివ్వలేదు, జుట్టు కత్తిరించుకోనివ్వలేదు. లాయర్ల పక్కన కూర్చోనివ్వలేదు. పేపర్లేమో రోజూ వీళ్లని గూండాలుగా రాశాయి. 1943 జనవరిలో 17 మందికి శిక్ష పడింది. 1944లో పైకోర్టు ఆ తీర్పులు కొట్టేసింది. అప్పటికే కొందరు శాన్ క్వెంటిన్ జైల్లో ఉన్నారు.

అంటే ఆ కుర్రాళ్లను నిజంగానే ఊరందరి ముందు ఒక వేషంలో నిలబెట్టారు. రచయిత, దర్శకుడు లూయీస్ వాల్డెజ్ స్టేజీని దాచకపోవడానికి కారణం ఇదేనని నాకనిపిస్తుంది. డబ్బు తక్కువన్నదీ నిజమే, హాలీవుడ్‌లో నాటకం ఆడిన అక్వేరియస్ థియేటర్లోనే కొద్ది రోజుల్లో షూటింగ్ ముగించారు. కానీ హాల్లో జనం కనిపించినప్పుడల్లా జ్యూరీ కుర్చీలో మనమే కూర్చున్నట్టుంటుంది.

ఎడ్వర్డ్ జేమ్స్ ఓల్మోస్ వేసిన, జూట్ సూట్ తొడిగిన ఎల్ పచూకో పాత్రను జాగ్రత్తగా గమనించండి. మన వీధి భాగవతంలో సూత్రధారుడిలా కథ లోపలా బయటా తిరుగుతాడు. చిటికె వేస్తే అంతా ఆగిపోతుంది. 1943 జూన్‌లో నావికులు వీధుల్లో ఈ సూట్ల కుర్రాళ్లను కొట్టి బట్టలు ఊడదీసిన ఘట్టంలో అతన్నీ వివస్త్రుణ్ణి చేస్తారు. గోచీతో పైకి లేచి, ప్రాచీన మెక్సికోకు చెందిన ఒక ఆజ్టెక్ వీరుడిలా నడిచిపోతాడు. హాల్లో నా పక్కన కూర్చున్న పెద్దావిడ అప్పుడు గట్టిగా ఏడ్చేసింది. సినిమాలో కెమెరా అతని ముఖం దగ్గరికి వెళ్తుంది కాబట్టి అది ఇంకోలా గుచ్చుకుంటుంది.

నిందితుల్లో ముఖ్యుడైన కథానాయకుడు హెన్రీ, వాళ్ల విడుదల కోసం పనిచేసే ఆలిస్‌ల మధ్య అనురాగం మాత్రం కాస్త సాగదీసినట్టుంది. 1979లో బ్రాడ్‌వేలో నాటకం కొద్ది వారాలే ఆడింది. న్యూయార్క్ విమర్శకులకు నచ్చలేదు. ఇక్కడివాళ్లు మాత్రం దాన్ని సొంతం చేసుకున్నారు. సినిమా కూడా 2019లో భద్రపరచదగ్గ సినిమాల అమెరికా జాతీయ జాబితాలో (నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీ) చేరింది.

సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, మాటల్లో స్పానిష్, వీధి యాస బాగా కలిసి ఉంటాయి. చివర్లో హెన్రీ జీవితానికి ఒకటికి మించి ముగింపులు చెబుతారు, ఏది నిజమని తికమకపడొద్దు, అలాగే రాశారు.