మైదానం బయట తప్పు చేసిన ఆటగాడిని లీగ్ సస్పెండ్ చేయాలా?

చేయవచ్చు, కానీ ముందే రాసిపెట్టుకున్న నియమం ప్రకారమే. నేరాన్ని తేల్చేది కోర్టు. లీగ్ చూసేది కాంట్రాక్టు. గొడవంతా శిక్షను జనం కోపాన్ని బట్టి మార్చినప్పుడే వస్తుంది.

అమెరికాలోని ఎన్‌ఎఫ్‌ఎల్ అనే ఫుట్‌బాల్ లీగ్‌లో ఆడే రే రైస్ 2014 ఫిబ్రవరిలో లిఫ్టులో కాబోయే భార్యను స్పృహ తప్పేలా కొట్టాడు. లీగ్ వేసిన శిక్ష 2 మ్యాచ్‌లు! సెప్టెంబరులో లిఫ్టు లోపలి వీడియో బయటపడగానే అది నిరవధిక సస్పెన్షన్‌గా మారింది. రైస్ మొదట ఏమీ దాచలేదని, ఒకే తప్పుకు రెండో శిక్ష చెల్లదని మధ్యవర్తిగా వచ్చిన మాజీ న్యాయమూర్తి నవంబరులో దాన్ని కొట్టేశారు. మెత్తగా మొదలుపెట్టి లీగే పరువు పోగొట్టుకుంది.

మన క్రికెట్ బోర్డూ తక్కువ తినలేదు. 2019 జనవరిలో టీవీ కార్యక్రమంలో మహిళలపై వ్యాఖ్యల వివాదంలో హార్దిక్ పాండ్యా, కె.ఎల్. రాహుల్‌లను సస్పెండ్ చేసి ఆస్ట్రేలియా నుంచి వెనక్కి రప్పించారు. తీరా చూస్తే, విచారించాల్సిన అంబుడ్స్‌మన్‌నే (ఫిర్యాదులు విని తేల్చే స్వతంత్ర అధికారి) అప్పటికి నియమించలేదు. సస్పెన్షన్ ఎత్తేశారు; ఏప్రిల్‌లో చెరో 20 లక్షల రూపాయల జరిమానా పడింది.

నా ఉద్దేశంలో నోటి దురుసుకు జరిమానా చాలు. చేయి చేసుకున్న కేసులో మాత్రం అభియోగం నమోదైన రోజు నుంచే జీతమిస్తూ పక్కన కూర్చోబెట్టాలి. తర్వాత నిర్దోషి అని తేలితే అతను పోగొట్టుకునేది కొన్ని మ్యాచ్‌లే.