ఆ కిరణం కాల్చదు, పరుచుకుంటుంది

"అంతరిక్షంలో సౌరవిద్యుత్తు తయారుచేసి మైక్రోవేవ్ కిరణంగా భూమికి పంపితే, దారిలో ఎగిరే పక్షులు మాడిపోవా?" అని అడిగారు. మాడిపోవు. 1970ల చివర్లో అమెరికాలో వేసిన ప్రణాళికలో కిరణం నట్టనడుమ తీవ్రత చదరపు మీటరుకు 230 వాట్లు. మిట్టమధ్యాహ్నపు ఎండ దాదాపు 1000. మైక్రోవేవ్ ఒంట్లోకి కాస్త లోతుగా దిగుతుంది కాబట్టి ఆ నడిమి భాగంలో మనుషులు తిరగకుండా కంచె వేయాలి, అంతే.

నన్నడిగితే భయపడవలసింది వేడికి కాదు, వెడల్పుకి. ఈ సంగతి నాకు పాఠాల్లో కన్నా ఒక బుల్లి ఫ్యాను దగ్గర బాగా అర్థమైంది.

ఎంటెక్ చివరి ఏడాది మా ప్రాజెక్టు రెక్టెన్నా. జానెడు పలక మీద పదహారు చిన్న యాంటెన్నాలు, ఒక్కొక్కదాని వెనక ఒక షాట్కీ డయోడ్. యాంటెన్నా తరంగాన్ని పడుతుంది, డయోడ్ దాన్ని డీసీ విద్యుత్తుగా మారుస్తుంది. ఎదురుగా బల్ల మీద తరంగాన్ని పంపే హార్న్ (బూరలాంటి) యాంటెన్నా, పది వాట్లు, 2.45 గిగాహెర్ట్జ్. మీటరు దూరంలో పలక నిలబెట్టగానే, కంప్యూటర్ లోపల ఉండేలాంటి ఫ్యాను గిర్రున తిరిగింది. పలకను నిలువు నుంచి అడ్డానికి తిప్పితే ఆగిపోయింది. తరంగం ఊగే దిశకు యాంటెన్నా అడ్డం తిరిగితే ఏమీ అందదు. సరిచేయగానే మళ్లీ అందుకుంది. ఒకసారి ఫ్యాను తీగ ఊడిపోయి, విద్యుత్తుకు పోయే దారి లేక వోల్టేజి పెరిగి నాలుగు డయోడ్లు పోయాయి. కొత్తవి తెప్పించడానికి సంతకాల కోసం మూడు వారాలు తిరిగాం. ప్రయోగశాలలో పని కన్నా కాగితాలకే ఎక్కువ కాలం పోవడం తలచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

తర్వాత పలకను రెండు మీటర్లకు జరిపాం. రెక్కలు ఒక్కసారి వణికి ఆగిపోయాయి. దూరం రెట్టింపైతే అందేది నాలుగో వంతే.

తప్పు డయోడ్లది కాదు. 1975లోనే కాలిఫోర్నియాలోని గోల్డ్‌స్టోన్‌లో విలియం బ్రౌన్ బృందం మైలు దూరాన 30 కిలోవాట్లకు పైగా విద్యుత్తు రాబట్టింది. తమ మీద పడిన శక్తిలో 80 శాతానికి పైగా ఆ రెక్టెన్నాలు విద్యుత్తుగా మార్చాయి. అంటే భూమి మీది సగం పని ఏనాడో తేలిపోయింది. 2023లో అమెరికా విద్యాసంస్థ కాల్‌టెక్ ప్రయోగం అంతరిక్షంలో అడుగు దూరాన ఎల్‌ఈడీలు వెలిగించింది. మంచి ప్రయోగం. భూమికి చేరింది మాత్రం గుర్తించదగ్గ సంకేతం, అంతే. అయినా ఆకాశం నుంచి కరెంటు వచ్చేసినట్టు రాసిన వార్తలు ఎన్ని చదివానో!

పీటర్ గ్లేజర్ 1968లో ఈ ఆలోచన ప్రతిపాదించినప్పటి నుంచి మారని లెక్క ఒకటుంది. భూమితో పాటే తిరుగుతూ ఎప్పుడూ ఒకే చోటు పైన నిలిచినట్టుండే భూస్థిర కక్ష్య 35,786 కిలోమీటర్ల ఎత్తు. అక్కడ కిలోమీటరు వెడల్పు యాంటెన్నా పెట్టి పంపినా, 2.45 గిగాహెర్ట్జ్ కిరణం ఇక్కడికి చేరేసరికి సుమారు పది కిలోమీటర్ల మేర పరుచుకుంటుంది. పైన యాంటెన్నాను సగానికి కుదిస్తే కింద వెడల్పు రెట్టింపవుతుంది. అందుకే "ముందు చిన్నది కట్టి చూద్దాం" అనే మాట ఇక్కడ చెల్లదు.

అయినా ఈ పని జరగాలనే నా కోరిక. పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తులకు అటూ ఇటూ కొన్ని వారాలు, అర్ధరాత్రి వేళ భూమి నీడ పడి గరిష్ఠంగా 72 నిమిషాల గ్రహణం తప్పిస్తే ఆ కక్ష్యలో ఏడాది పొడుగునా ఎండే. దీన్ని మధ్యాహ్నపు డాబా ప్యానెళ్లతో పోల్చి కొట్టిపారేసేవాళ్లు, అదే ప్యానెళ్లు అర్ధరాత్రి ఎంత ఇస్తాయో కూడా లెక్క వేయాలి.

మా ఫ్యాను సంగతి చెప్పాలి. హార్న్ తీసేసి 60 సెంటీమీటర్ల డిష్ బిగించాం. అవే పది వాట్లు, అదే పలక. రెండు మీటర్ల దగ్గర తిరిగింది. మూడింటి దగ్గరా తిరిగింది. గోడ అడ్డొచ్చేదాకా వెనక్కి జరుపుతూనే ఉన్నాం.