దవడ వెనక్కి జరిపితే ఊపిరికి ఇబ్బందా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా అబ్బాయికి 22 ఏళ్లు. కింది దవడ ముందుకు పొడుచుకుని ఉండడంతో మామిడికాయ ముక్కను కూడా ముందుపళ్లతో కొరకలేక పక్కపళ్లతోనే కొరుకుతాడు. పళ్లకు క్లిప్పులు వేసి, తరువాత ఆపరేషన్ చేసి దవడను వెనక్కి జరపాలని నెల్లూరులో డాక్టరు గారు చెప్పారు. వాడికి గురక ఎక్కువ. మేడ మీద పడుకున్నా కింద మాకు వినపడుతుంది. ఈ ఆపరేషన్‌తో ఊపిరికి ఇబ్బంది రాదు కదా?
– ఒక తల్లి, కావలి

జవాబు: అమ్మా, గురక సంగతి మీరు ముందే చెప్పడం చాలా మంచిదైంది. పళ్ల డాక్టరుకు గురక గురించి చెప్పాలని చాలామందికి తోచదు.

నాలుకను ముందుకు పట్టి ఉంచే ప్రధాన కండరం గడ్డం ఎముక లోపలి వైపున అతుక్కుని ఉంటుంది. కాబట్టి కింది దవడను వెనక్కి జరిపితే నాలుక మొదలు కూడా కొంత వెనక్కి వెళ్లి, గొంతులో గాలి పోయే దారి ఇరుకవుతుంది. మెలకువలో కండరాలు బిగువుగా ఉండి దారిని తెరిచి ఉంచుతాయి గనుక తేడా తెలియదు. నిద్రలో అవి సడలినప్పుడు, ముఖ్యంగా వెల్లకిలా పడుకున్నప్పుడు, ఇబ్బంది బయటపడుతుంది. సన్నగా ఉండి గురక లేని యువకుల్లో చాలామందికి దీనివల్ల సమస్య రాదు. మీ అబ్బాయి విషయంలో మాత్రం నేను అంత ధీమాగా చెప్పలేను.

ఆపరేషన్‌కు తేదీ పెట్టుకోకముందే స్లీప్ స్టడీ చేయించండి. నిద్రలో కనీసం 10 సెకన్లపాటు శ్వాస ఆగడం గాని, బాగా తగ్గడం గాని గంటకు ఎన్నిసార్లు జరుగుతుందో అందులో తేలుతుంది. పెద్దవారిలో 5 లోపు ఉంటే మామూలే. 15 నుంచి మధ్యస్థంగా, 30 నుంచి తీవ్రంగా లెక్కిస్తారు. ఈలోగా ఒక రాత్రి వాడి పక్కన కూర్చుని చూడండి. గురక ఉన్నట్టుండి ఆగిపోయి, కాసేపటికి ఉక్కిరిబిక్కిరై ఊపిరి పీల్చుకుంటుంటే ఫోనులో వీడియో తీసి డాక్టరుకు చూపించండి.

ఇంకొక మాట. కింది దవడ పొడుచుకొచ్చినట్టు కనిపించే చాలామందిలో పై దవడ వెనకబడి ఉండడమూ ఒక కారణమే. అటువంటప్పుడు పై దవడను ముందుకు తెచ్చి, కింది దవడను తక్కువగా జరిపితే, అంగిలి వెనుక దారి విశాలమై ఆ నష్టం చాలావరకు పూడుతుంది. నిద్రలో శ్వాస ఆగే జబ్బు తీవ్రంగా ఉన్న కొందరికి రెండు దవడలనూ సుమారు 10 మిల్లీమీటర్లు ముందుకు జరపడమే చికిత్సగా చేస్తారు.

ఆపరేషన్ తరువాత రెండు మూడు రోజుల్లో వాపు బాగా పెరిగి, ముక్కు బిగదీస్తుంది. అప్పుడు తల ఎత్తుగా పెట్టి పడుకోబెట్టాలి, డాక్టరు చెప్పకుండా నిద్రమాత్ర ఇవ్వకూడదు. కింది దవడను ఎన్ని మిల్లీమీటర్లు జరుపుతారో, పై దవడను ముందుకు తెచ్చే వీలుందో లేదో సర్జన్‌ను ముందే అడగండి. వాపు పూర్తిగా తగ్గి, ఎముక అతుక్కున్నాక స్లీప్ స్టడీ మరొక్కసారి చేయించండి.