మీరు మోస్తున్నది కలెక్టరు మోయాల్సిన బరువు

ప్రశ్న: మా మండలంలో దళితుల మీద దాడి జరిగితే స్టేషనుకు, ఆర్డీవో ఆఫీసుకు, కోర్టుకు బాధితుల వెంట నేనే తిరుగుతాను. ఆరేళ్లయింది. చార్జీలు నావే, పోయిన కూలీ నాదే. అర్ధరాత్రి ఫోనొస్తే పిల్లలు లేచి కూర్చుంటున్నారు. ఎస్సీ వర్గీకరణ వచ్చాక మాలవాడలో కొందరు ‘ఆమె మాదిగోళ్ల మనిషి’ అంటున్నారు. మానేద్దామా అనిపిస్తోంది.
– ఒక సోదరి, సూర్యాపేట జిల్లా

జవాబు: మానేయాలో వద్దో తర్వాత ఆలోచిద్దాం. మీరు రాసినదాంట్లో చాలా పని చట్టం అధికారుల మీద పెట్టింది. అది వాళ్ల చేత చేయించకుండా మీరు చేస్తున్నారు. అలసట అక్కడి నుంచే వస్తోంది.

ముందు చార్జీల సంగతి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం (అట్రాసిటీ చట్టం) కింద 1995లో వచ్చిన నియమాల్లో 11వది చూడండి. దర్యాప్తుకు, కోర్టు వాయిదాకు వచ్చే బాధితులకు, సాక్షులకు రానుపోను చార్జీ, కనీస వేతనానికి తగ్గకుండా రోజు భత్యం ఇవ్వాలి. మహిళలు, మైనర్లు, 60 ఏళ్లు దాటినవాళ్లు తమకిష్టమైన మనిషిని తోడు తెచ్చుకోవచ్చు. ఆ తోడుకూ ఖర్చులు వస్తాయి. అంటే అలా తోడు వెళ్లిన రోజుల మీ డబ్బు మీకు రావాలి, అదీ మూడు రోజుల్లోపు. నోటిమాటగా అడిగితే రాదు. బస్సు టికెట్లు, సమన్ల జిరాక్సు జతచేసి కలెక్టరు పేరిట దరఖాస్తు ఇవ్వండి. ముట్టినట్టు స్టాంపు వేయించుకోండి.

ఒక్కో కేసుకు ఒక అట్ట ఫైలు పెట్టండి. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారే చేయాలి. ఛార్జిషీటుకు గడువు 60 రోజులు, బాధితులకు ప్రభుత్వం ఇచ్చే తక్షణ సాయానికి 7 రోజులు. ఈ తేదీలు మొదటి పేజీలోనే ఉండాలి. కులదూషణ కేసులో సాయం లక్ష రూపాయలు: ఎఫ్ఐఆర్ కాగానే 25 శాతం, ఛార్జిషీటు కోర్టుకు చేరాక 50, శిక్ష పడ్డాక మిగతాది.

ఫిర్యాదు రాసేచోటే చాలా కేసులు దెబ్బతింటాయి. ‘కులం పేరుతో తిట్టాడు’ అని ఒక్క ముక్క రాసి ఊరుకోవద్దు. ఏ మాటలన్నాడో ఉన్నదున్నట్టు, ఎక్కడ అన్నాడో, ఎవరు విన్నారో రాయించండి. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేనిచోట తిడితే కులదూషణ సెక్షన్ నిలవదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది.

గడువు దాటితే ఆఫీసుల చుట్టూ తిరగొద్దు. కలెక్టరు అధ్యక్షతన జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ కనీసం మూడు నెలలకోసారి కూర్చోవాలి. సమావేశానికి ముందే ఆలస్యమైన కేసుల జాబితా రాతపూర్వకంగా ఇచ్చి, మినిట్స్‌లో ఎక్కించమని పట్టుబట్టండి. కావాలని విధి నిర్వహించని, ఎస్సీ, ఎస్టీ కాని అధికారికి చట్టంలోని 4వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు ఉంది. ఆ సెక్షన్ పేరు కాగితం మీద పడితే కదలిక వస్తుంది.

రాత్రి ఫోన్లు ముగ్గురు వంతులేసుకోండి. మీ వంతు కాని రాత్రి ఫోను కట్టేయండి. దెబ్బలు తగిలితే 108, దాడి జరుగుతుంటే 112, అట్రాసిటీ ఫిర్యాదుకు 14566 అని వాడల్లో గోడల మీద రాయించండి.

ఇక వర్గీకరణ. తెలంగాణలో 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చిన చట్టం చదువుల్లో, ఉద్యోగాల్లో ఎస్సీ రిజర్వేషన్లను కులాల గ్రూపులవారీగా పంచేది. అట్రాసిటీ చట్టం ముందు మాల, మాదిగ, ఉపకులాలు అందరూ ఒక్కటే. మీరు మాదిగ ఆడబిడ్డ అన్నది దాచాల్సిన పనిలేదు, వర్గీకరణ మీద మీ అభిప్రాయమూ దాచొద్దు. ఆ చర్చకు వేరే రోజు పెట్టండి. కేసు మీటింగులో మాత్రం రానీయకండి. స్టేషనుకు ఎప్పుడూ ఇద్దరు వెళ్లండి, ఒకరు మాలవాడ నుంచి, ఒకరు మాదిగవాడ నుంచి. మాటలతో పోని అనుమానం దీంతో తగ్గుతుంది.

ఆంధ్రలోని చుండూరులో దళితుల హత్యలు 1991 ఆగస్టు 6న జరిగాయి. ప్రత్యేక కోర్టు తీర్పు 2007లో, హైకోర్టు నిందితులను విడుదల చేసింది 2014లో. ఇన్నేళ్లు సాగే కేసును ఒక్క మనిషి నమ్ముకుంటే ఆ మనిషి పడిపోయిన రోజే కేసూ ఆగుతుంది. రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

మానేయాలన్న నిర్ణయం మూడు నెలలు వాయిదా వేయండి. ఈలోగా వచ్చే మొదటి ఫిర్యాదు మీరు రాయకండి. పక్కన కూర్చుని, చదువుకున్న ఇద్దరు అమ్మాయిల చేత రాయించండి.